గోడ పక్కన పదిహేడు అంగుళాలు

ఆయన్ని అందరూ అరనూలు అనే పిలిచేవారు. వర్క్‌షాపులో అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే ఒక భాగం నూలు, అందులో సగం అరనూలు. పెళ్లయిన కొత్తలో చేయించుకున్న మంచానికి ఒక కోడు అరనూలు పొట్టిగా ఉందని వడ్రంగిని ఇంటికి పిలిపించి వాదించాడు. వడ్రంగి నవ్వాడు, కొలిచాడు, నవ్వడం మానేసి మంచం వెనక్కి తీసుకుపోయాడు. ఆ కథ వర్క్‌షాపు గేటు దాటి లోపలికొచ్చిన రోజు నుంచి హాజరు పుస్తకంలో సంతకం పెట్టడానికి తప్ప ఆయనకి సొంత పేరుతో పని పడలేదు.

ముప్పై నాలుగేళ్లు ఒకే లేత్ మీద, ఇనుమును తిప్పుతూ చెక్కే మిషను మీద, పనిచేశాడు. అది పాతకాలపు వర్క్‌షాపు. మొత్తానికి ఒకటే మోటారు. అది పైకప్పు కింద గోడ పొడవునా సాగే ఇనప షాఫ్టును తిప్పేది. షాఫ్టు మీద పుల్లీలు, పుల్లీల నుంచి కిందికి తోలు బెల్టులు, ఒక్కో బెల్టు కింద ఒక్కో మిషను. పొద్దున మోటారు వేస్తే కప్పు మొత్తం గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు వచ్చేది. ఎనిమిదేళ్ల క్రితం మూసేశారు. మిషన్లను గ్యాసుతో ముక్కలు కోసి లారీల్లో పట్టుకుపోయారు. షెడ్డు కూలగొట్టారు. ఇప్పుడక్కడ కార్లు నిలుపుకుంటున్నారు.

కూలగొట్టకముందే అరనూలు అంతా కొలిచి ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాడు. ఎందుకు కొలిచాడో అప్పుడాయనకే తెలియదు. ఖాళీగా కూర్చోవడం మొదలుపెట్టి అయిదేళ్లు గడిచాక తెలిసింది. అడుగుకి అంగుళం లెక్కన ఆ షెడ్డు మొత్తాన్ని ఇంట్లో మళ్లీ నిలబెట్టడం మొదలుపెట్టాడు.

ఇది మూడో ఏడు. వెనక గదిలో, ఒకప్పుడు కూతురు చదువుకున్న చోట, రెండు స్టూళ్ల మీద ఒక పాత తలుపు పరిచి ఉంది. దాని మీద షెడ్డు. రెండు కొలుములు, ఇనుము చదును చేసే షేపరు, రెండు డ్రిల్లింగ్ మిషన్లు, ఒక రంపం మిషను, మూడు లేత్‌లు. ఇత్తడి కడ్డీలు కోసి, ఆకురాయితో అరగదీసి, ఒక్కో పుల్లీని పాత టేప్‌రికార్డరు మోటారుకి తగిలించి తిప్పుతూ చేశాడు. అసలు షాఫ్టు రెండంగుళాల లావు. దాని బదులు భార్య స్వెట్టర్లు అల్లే లోహపు సూదులు మూడు తీసుకుని జోడించాడు. అసలు షాఫ్టు కూడా మూడు ముక్కలే. బెల్టులకి పల్చటి తోలు కావాల్సొచ్చింది.

“నా సూదులు పోయాయి, నా బ్యాగు పట్టీ పోయింది,” అంది భార్య గుమ్మంలో నిలబడి. “ఇంక మిగిలింది నేనే. నన్నూ సన్నగా కోసి ఏదో ఒక పుల్లీకి తగిలించండి.”

“పట్టీ పాతదేగా.”

“నేనేం కొత్తదాన్నా?”

ఆయన పట్టీ ముక్కని వెలుతురుకి పట్టి చూసి, ఇంకాస్త సన్నగా కోశాడు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, అన్నీ అయిపోయాక వచ్చింది. పొడుగు గోడ నిలబెట్టి, దాని వెంబడి మిషన్లన్నీ ఒక చివర నుంచి పుస్తకంలో రాసుకున్న దూరాల్లో పేర్చుకుంటూ వచ్చాడు. మోటారు, కొలుములు, షేపరు, అలా అలా. అన్నిటికన్నా చివర తన లేత్. లేత్ తోక, అంటే దాని ఆఖరి కొస, దగ్గరకొచ్చేసరికి ముప్పై మూడు అడుగులు సరిగ్గా అయింది. అక్కడి నుంచి అడ్డగోడకి ఎంత దూరమో పుస్తకంలో లేదు. గోడ మొత్తం పొడవు తెలిస్తే తీసివేతలో అదే వస్తుంది కదా అని అప్పుడు కొలవలేదు. గోడ పొడవు మాత్రం తన రాతలోనే స్పష్టంగా ఉంది. ముప్పై అయిదు అడుగుల పదకొండు అంగుళాలు.

తీసేస్తే ముప్పై అయిదు అంగుళాలు వచ్చింది. ఇంచుమించు మూడడుగులు.

అరనూలు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. మళ్లీ లెక్క వేశాడు. మళ్లీ అంతే.

మూడడుగుల సందులో బియ్యం బస్తా ఎత్తుకున్న మనిషి కూడా సులువుగా నడిచిపోతాడు. తను ఆ సందులోంచి ముప్పై నాలుగేళ్లు, రోజుకి పది పన్నెండు సార్లు, పక్కకి తిరిగి, పొట్ట లోపలికి పీల్చుకుని వెళ్లాడు. పొట్ట పెరిగే కొద్దీ చొక్కా గుండీలు గోడకి రాసుకునేవి. అది అడుగున్నర సందు. ఆ సంగతి ఆయన తల కన్నా పొట్టకి బాగా తెలుసు. మరి మిగతా పదిహేడు అంగుళాలు ఏమైనట్టు? అక్కడేదో ఉండి ఉండాలి. పదిహేడు అంగుళాల వెడల్పున్న వస్తువేదో ముప్పై నాలుగేళ్లు తన మోచేతి పక్కన నిలబడింది. అదేమిటో తనకి గుర్తు లేదు.

ఇంకో మనిషయితే ఒక పుల్లముక్క పెట్టి ఊరుకునేవాడేమో. కానీ అరనూలుకి ఆ శుక్రవారం డాక్టరు దగ్గరికి వెళ్లాల్సి ఉంది.

అంతకుముందు నెలలో రెండు సంగతులు జరిగాయి. స్నానాల గదిలో కుళాయి తిప్పి వదిలేస్తే నీళ్లు మెట్ల మీదుగా కింది వాటా వాళ్ల గుమ్మంలోకి దిగాయి. ఆ తర్వాత ఒకరోజు బస్సు రెండు స్టాపుల ముందే దిగి, ఇంటికి ఎటు వెళ్లాలో తోచక ఒక మందుల షాపు ముందు గంటసేపు నిలబడ్డాడు. షాపువాడే కూతురికి ఫోను చేశాడు. కూతురు ఏమీ అనలేదు. అదే ఆయన్ని భయపెట్టింది. చిన్నప్పటి నుంచీ ప్రతిదానికీ ఏదో ఒకటి అనే పిల్ల, ఊరికే డాక్టరు దగ్గరికి ఎన్ని గంటలకి వెళ్లాలో రాసిన కాగితం తెచ్చి ఫ్రిజ్ తలుపుకి అంటించి వెళ్లింది.

ఆయన అన్నగారు ఆఖరి రెండేళ్లు తన చెప్పులు తను గుర్తుపట్టలేదు. గుమ్మంలో నిలబడి, “ఎవరో వచ్చినట్టున్నారు, చెప్పులున్నాయి,” అనేవాడు.

అందుకని అరనూలు తనలో తనే ఒక ఒప్పందం చేసుకున్నాడు. శుక్రవారం లోపల ఆ పదిహేడు అంగుళాల్లో ఏముందో చెప్పగలిగితే తల బాగున్నట్టు. చెప్పలేకపోతే డాక్టరు ఏం చెబితే అది.

సోమవారం పొద్దున స్టోరుకీపరు ఇంటికి వెళ్లాడు. ఆయనా రిటైరయ్యాడు, కానీ ఇంట్లో ఇంకా స్టోరుకీపరే. పప్పు డబ్బాల మీద కూడా నెంబర్లున్నాయి.

“నా లేత్ తోకకీ గోడకీ మధ్య ఏముండేదయ్యా?”

“అలమారా,” అన్నాడు స్టోరుకీపరు, ప్రశ్న పూర్తి కాకముందే. “ఆకుపచ్చ రంగు. ఇనపది. డ్రిల్లు బిట్లు అందులోనే.”

“నాకు గుర్తు లేదే.”

“నీకెందుకు గుర్తుంటుంది? నువ్వు తలెత్తి చూస్తేగా! తాళం నా దగ్గరుండేది.” లోపలికి వెళ్లి ఒక గుత్తి తెచ్చి, అందులోంచి చిన్న తాళంచెవి వేరుచేసి చూపించాడు. “ఇదిగో. దీనిదే.”

తాళంచెవి నిజంగా ఉంది. అరచేతిలో చల్లగా ఉంది. అరనూలు దాన్ని తిప్పి తిప్పి చూశాడు. దాని మీద ఏమీ రాసి లేదు.

అక్కడి నుంచి కమ్మరి దగ్గరికి వెళ్లాడు. కొలిమి పని మానేసి చాలా కాలమైంది గానీ కమ్మరి గొంతు ఇంకా సుత్తి చప్పుడు మధ్యలో మాట్లాడే గొంతే.

“అలమారానా? ఎవడన్నాడు?” అని అరిచాడు. “నీళ్ల పీపా! సగానికి కోసిన పీపా. రోజూ పని దిగేటప్పుడు నేను అందులోనే చేతులు కడిగేవాణ్ణి. ఓసారి నీ కళ్లజోడు అందులో పడితే తీసిచ్చింది ఎవరనుకున్నావ్?”

“కళ్లజోడు పడిందా?”

“పడిందా అంటావేంటి! ఏమైంది నీకు?”

ఏమైందో తెలిస్తే ఇంత దూరం ఎందుకొస్తాడు? టీ తాగి లేచాడు. దారిలో ఆగి బావమరిదికి ఫోను చేశాడు. భార్య తమ్ముడు, ఇరవై ఏళ్లు తన పక్క డ్రిల్లింగ్ మిషను మీద పనిచేసినవాడు. ఊళ్లో లేడు, వాళ్ల కూతురింటికి వెళ్లాడు, గురువారం గానీ రాడు.

“నీ లేత్ పక్కనా? ఏముంటుంది బావా, గాలి!” అని బావమరిది పెద్దగా నవ్వాడు. “అది కూడా పక్కకి తిరిగి వెళ్లేది.”

అరనూలుకి నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి భార్యని అడిగాడు. ఆమె ఒక్కసారి కూడా షెడ్డు లోపలికి అడుగు పెట్టిన మనిషి కాదు.

“స్టూలు,” అంది ఆమె కూరగాయలు తరుగుతూ.

“నీకెలా తెలుసు?”

“మీరే చెప్పారు. పెళ్లయిన కొత్తలో. కాళ్లు లాగుతున్నాయి, పక్కనే స్టూలుంది గానీ కూర్చుంటే మేస్త్రి ఊరుకోడు అని. రాత్రుళ్లు కాళ్లు పట్టింది నేనేగా, మర్చిపోతానా?”

అలమారా, పీపా, స్టూలు. ఉన్నది పదిహేడు అంగుళాలు. అందులో ముగ్గురూ కలిసి ఒక సంసారమే పెట్టేశారు. ఎవరి గొంతులోనూ తడబాటు లేదు. తడబడుతున్నది తనొక్కడే. అంటే అందరి తలలూ బాగున్నాయి, తనదే పాడయింది. అరనూలు వెనక గదిలో కూర్చుని ఆ ఖాళీనే చూశాడు. చూసే కొద్దీ అది వెడల్పవుతున్నట్టు అనిపించింది.

మంగళవారం మధ్యాహ్నం ఆకురాయి పట్టుకుని ఏదో ఇత్తడి ముక్క ఊరికే అరగదీస్తున్నాడు. చేతులకి పని ఉంటే తల కాస్త వదులవుతుందని. ఉన్నట్టుండి గుర్తొచ్చింది.

పెట్టె. మిషను భాగాలు వచ్చే చెక్క పెట్టె, బోర్లించి ఉంది. రెండు పక్కలా తాడు పిడులు. ఒక పక్క నల్లటి అక్షరాలు సగం చెరిగిపోయి ఉన్నాయి. దాని మీద ముసలి మేస్త్రి, ఆయనకి పని నేర్పిన మేస్త్రి, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. అది తను పనిలో చేరిన మొదటి రోజు. మేస్త్రి చేతిలో వర్క్‌షాపు స్కేలుంది. రెండడుగుల ఉక్కు స్కేలు, మొదటి అంగుళం ఎప్పుడో విరిగిపోయింది. దాన్ని చూపిస్తూ మేస్త్రి అంటున్నాడు: “దీనికి సున్నా లేదురా అబ్బాయ్. ఒకటి నుంచి మొదలెట్టు, ఆఖర్న ఒకటి తీసెయ్. ఇది మర్చిపోయిన రోజున ఇంటికి పో.”

అంతా కళ్లకి కట్టినట్టుంది. మేస్త్రి మడమ పెట్టెకి తగిలి టకటకమన్న చప్పుడు కూడా వినిపించింది.

అరనూలు గబగబా లేచి పల్చటి చెక్క తీశాడు. మంగళవారం సాయంత్రం, బుధవారం పగలంతా ఆ పెట్టె మీదే. అసలులో పదిహేడు అంగుళాలు, ఇక్కడ ఒకటిన్నర అంగుళాలకి కాస్త తక్కువ. పలకలు కోసి, గుండుసూది తలలు మేకులుగా దిగ్గొట్టి, దారం పేని పిడులు చేశాడు. నల్లరంగు అక్షరాలు రాసి, వేలితో సగం చెరిపాడు. తీసుకెళ్లి ఖాళీలో పెడితే అరనూలు తేడా లేకుండా కూర్చుంది. ఇంకా అడుగున్నర సందు మిగిలింది, సరిగ్గా ఒక పొట్టకి.

ఆ పూట ఆయన రెండు సార్లు అన్నం వడ్డించుకున్నాడు. భార్య గమనించి పప్పు గిన్నె దగ్గరికి జరిపింది.

గురువారం బావమరిది వచ్చాడు. చెప్పులు విప్పకుండానే వెనక గదిలోకి వెళ్లబోతే అక్కగారు కసిరింది. విప్పి వెళ్లాడు. షెడ్డు చుట్టూ ఒకసారి తిరిగాడు. తన డ్రిల్లింగ్ మిషను వెతుక్కుని, వంగి, ముక్కు దానికి ఆనేంత దగ్గరగా పెట్టి చూశాడు. పిడికి ఉండాల్సిన ఇనప గుండు ఊడిపోతే తను చెక్క గుండు పెట్టుకున్నాడు. ఇందులోనూ చెక్కదే ఉంది, ఆవగింజంత.

“ఇది కూడా పెట్టావా బావా!”

“ఉన్నదేగా, పెట్టాను.”

బావమరిది నెమ్మదిగా షాఫ్టు వెంబడి చూపు నడిపించుకుంటూ ఆ చివరికి వచ్చాడు. ఆగాడు.

“ఇదేంటి?”

“మేస్త్రి పెట్టె.”

“ఏ మేస్త్రి? ఏ పెట్టె? ఇక్కడ పెట్టె ఎక్కడుంది?”

“నువ్వు చేరేసరికి తీసేశారేమో.”

“తీసేస్తే మూడడుగుల ఖాళీ ఉండాలిగా? నేను చేరినప్పుడు కూడా నువ్వు పీత లాగా పక్కకే నడిచేవాడివి. నేను అనుకరించి చూపిస్తే అందరూ నవ్వేవారు, నువ్వు వారం రోజులు నాతో మాట్లాడలేదు.” బావమరిది గోడ చివర వేలితో తట్టాడు. “గోడ ఎంత వేశావు?”

“ముప్పై అయిదు పదకొండు. ఇద్దరం కలిసి కొలిచిందే. టేపుతో.”

“టేపా? టేపు ఎక్కడిది బావా?”

అరనూలు బావమరిది మొహంలోకి చూశాడు.

“మిషన్లు టేపుతో కొలిచాం,” అన్నాడు బావమరిది. “ఆ సాయంత్రమే స్టోరుకీపరు టేపు తీసేసుకుని తాళం వేశాడు, సామాను అప్పగించాలని. గోడలు మర్నాడు కొలిచాం. కప్పు రేకులు విప్పుతున్నారు, కిందికి రావద్దని పైనుంచి అరుస్తున్నారు. గుర్తు లేదూ? స్కేలుతో కొలిచాం. సుద్దముక్క పెట్టి నేను వేటు వేటుకీ గీత గీశాను, నువ్వు రాసుకున్నావు.”

“షాపు స్కేలుతోనా?”

“ఇంకేముంది అక్కడ? అది ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. వంటింటి కిటికీ కొట్టుకోకుండా అడ్డం పెట్టింది మీ చెల్లెమ్మ. ఉండు.”

బావమరిది ఇల్లు రెండు వీధుల అవతల. వెళ్లి పావుగంటలో వచ్చాడు. స్కేలు మీద తుప్పు ఎక్కువైంది గానీ అంకెలు కనిపిస్తున్నాయి. మొదలు విరిగి, ఒకటి అనే గీత దగ్గరే అంచు. అరనూలు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు దానంతట అదే వెళ్లి విరిగిన అంచు మీద ఆగింది.

“నువ్వెలా కొలిచావో చూపించు,” అన్నాడు.

బావమరిది మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ గది గోడ పన్నెండు అడుగులు. అది అరనూలుకి నిద్రలో లేపి అడిగినా తెలుసు. స్కేలు గోడ మూలకి ఆనించి, అవతలి చివర సుద్దగీత గీసి, “ఒకటి” అన్నాడు. జరిపి, మళ్లీ గీసి, “రెండు.” రెండడుగుల స్కేలు, పన్నెండు అడుగుల గోడ, ఆరు వేట్లతో అయిపోవాలి. ఆరో గీత గీసేసరికి గోడ ఇంకా జానెడు లోపు మిగిలింది.

ఇద్దరూ ఆ మిగిలిన ముక్కని చూశారు. అరనూలు వంగి, స్కేలు పెట్టి, ఒకటి నుంచి కొలిచి, ఒకటి తీసేశాడు. ఆరంగుళాలు.

“వేటుకి ఒక అంగుళం,” అన్నాడు మెల్లగా. “స్కేలు రెండడుగులు కాదు. ఇరవై మూడంగుళాలే.”

“మనం తీసేశాం కదా బావా, అంగుళం. నువ్వే అన్నావు, ముప్పై ఆరడుగులు, ఒక అంగుళం తీసెయ్, ముప్పై అయిదు పదకొండు అని. నాకు బాగా గుర్తుంది.”

“అప్పుడెన్ని వేట్లు?”

“పద్దెనిమిది.”

“తీసింది ఒకటి.”

బావమరిది పెదవులు కదిలాయి. పద్దెనిమిదిలో ఒకటి పోతే ఎంతో లెక్కపెడుతున్నట్టున్నాడు, అంత చిన్న లెక్కని. “అమ్మో,” అన్నాడు.

ఒకటి నుంచి మొదలెట్టు, ఆఖర్న ఒకటి తీసెయ్. ఆ షాపులో ఇది చేతికి అంటుకుపోయిన అలవాటు. చిన్న సామాను కొలిచినప్పుడు అది ఎప్పుడూ తప్పలేదు. గోడ పొడవు ఆ స్కేలుతో కొలిచే అవసరం ముప్పై నాలుగేళ్లలో ఎవరికీ పడలేదు. ఇంకెక్కడి పనివాళ్లయినా ఒక అంగుళం కూడా తీసేవారు కాదు, అప్పుడు లెక్క ఒక్క అంగుళం అటూ ఇటూ కాకుండా ముప్పై ఆరడుగులని వచ్చి ఎక్కడో అనుమానం కలిగేది. వీళ్లు శ్రద్ధగా ఒకటి తీసి, ఆ పదకొండు అంగుళాలు చూసుకుని, ఎంత ఖచ్చితంగా కొలిచామో అనుకున్నారు.

గోడ ముప్పై నాలుగున్నర అడుగులు. లేత్ పక్కన అడుగున్నర. అక్కడ అలమారా లేదు, పీపా లేదు, స్టూలు లేదు. బావమరిది ఫోనులో నవ్వుతూ చెప్పిందే నిజం.

భార్య గుమ్మంలోంచి అంతా వింది. చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

“అయితే మీ తలకేం కాలేదన్నమాట. తప్పంతా ఆ ఇనప ముక్కదే. పిల్లకి ఫోను చేసి రేపు డాక్టరూ గీక్టరూ వద్దని చెప్పనా?”

అరనూలు కిందికి చూశాడు. చేతిలో స్కేలుంది. మేస్త్రి చేతిలోనూ ఇదే ఉంది. మంగళవారం గుర్తొచ్చినప్పుడు ఎదురుగా పట్టుకుని చూపించాడు, సున్నా లేదురా అబ్బాయ్ అని. తను ఆ చేతిని వదిలేసి కింద ఉన్న పెట్టెని చూశాడు. స్కేలు నిజం. మాట నిజం. పెట్టె?

“వద్దు, వెళ్దాం,” అన్నాడు.

“ఎందుకూ? బాగానే ఉన్నారుగా!”

“ఉన్నది మర్చిపోయానేమోనని వెళ్దామనుకున్నాను. ఇప్పుడు లేనిది గుర్తొచ్చింది.”

భార్య తమ్ముడి వైపు చూసింది. తమ్ముడు చెప్పుల కోసం గుమ్మం వైపు చూశాడు.

శుక్రవారం డాక్టరమ్మ కూతురు కన్నా చిన్నదిలా కనిపించింది. తేదీ అడిగింది. మూడు మాటలు చెప్పి, కాసేపాగి మళ్లీ చెప్పమంది. వందలోంచి ఏడు చొప్పున తీస్తూ పొమ్మంది. ఆయన ఆగకుండా రెండు దాకా వెళ్లి, “ఇంక రెండు మిగిలాయి,” అన్నాడు. అవి కూడా ఎక్కడైనా రాసుకోవాలేమో అన్నట్టు. ఆ తర్వాత చొక్కా జేబులోంచి పెట్టె తీసి బల్ల మీద పెట్టాడు. పక్కన కూర్చున్న కూతురు ఉలిక్కిపడింది.

సంగతి మొత్తం చెప్పాడు. డాక్టరమ్మ శ్రద్ధగానే వింది. పెట్టెని వేళ్ల మధ్య తిప్పి, దారం పిడులు చూసి, ముచ్చటపడింది.

“ఖాళీ కనిపిస్తే మనసు ఏదో ఒకటి తెచ్చి పెడుతుందండీ. అది జబ్బు కాదు. అందరికీ కొంచెం ఉంటుంది.”

“కొంచెం అంటే ఎంత?”

డాక్టరమ్మ నవ్వింది. ఆయన నవ్వలేదని చూసి ఆపింది. “అది కొలవలేమండీ,” అంది. “కుళాయి, బస్సు, అవి మాత్రం గమనిస్తూ ఉండాలి. ఆరు నెలలాగి మళ్లీ రండి.”

బయటికొచ్చాక కూతురు ఆయన చెయ్యి పట్టుకుంది. “నాన్నా, బాగుందందిగా. ఇంకెందుకలా ఉన్నావు?”

“బాగుందనలేదు. కొలవలేమంది.”

“అబ్బా, నువ్వూ నీ కొలతలూ!” అంది కూతురు. ఏదో ఒకటి అన్నందుకు ఆయనకి కాస్త ప్రాణం తేరుకుంది.

ఆ సాయంత్రం గోడ కోశాడు. సన్న రంపంతో చివర నుంచి ఒక ముక్క, అసలులో పదిహేడు అంగుళాలు. అడ్డగోడని దగ్గరికి జరిపి అతికించాడు. మోటారు వేస్తే అల్లిక సూదులు తిరిగాయి, బ్యాగు పట్టీ బెల్టులు కదిలాయి, ఇనుమును పట్టి తిప్పే లేత్ చక్ గిర్రున తిరిగింది. రెండు వేళ్లు మనిషి కాళ్లలా నడిపించుకుంటూ లేత్ వెనక్కి తీసుకెళ్లాడు. సందు దగ్గర వేళ్లు వాటంతటవే పక్కకి తిరిగాయి. సరిపోయింది.

పెట్టె బల్ల మీద మిగిలింది. దాన్ని పారెయ్యడానికి చెయ్యి రాలేదు. కొలిమి పక్కన పెట్టి చూశాడు. అక్కడ మేస్త్రి కూర్చుని ఉండొచ్చు. వెలుతురు ఎడమ నుంచి పడుతుంది, గుర్తున్నట్టే. షేపరు వెనక పెట్టాడు. అక్కడా కూర్చుని ఉండొచ్చు. గుమ్మం దగ్గర పెడితే అన్నిటికన్నా బాగుంది. అలా బాగుండడమే ఇప్పుడు అనుమానంగా ఉంది.

“అన్నం పెట్టాను, రండి,” అంది భార్య. వచ్చి పక్కన నిలబడి, ఆయన చెయ్యి పెట్టెని అక్కణ్ణుంచి ఇక్కడికి, ఇక్కణ్ణుంచి అక్కడికి జరపడం కాసేపు చూసింది. “ఎక్కడో ఒకచోట పెట్టెయ్యకూడదూ? ఆ మేస్త్రి ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటాడుగా. మొదటి రోజు పాఠం నిలబడి చెప్పాడా ఏంటి?”

అరనూలు చెయ్యి గాల్లో ఆగింది.

“ఏమో,” అన్నాడు. “నిలబడే చెప్పాడేమో.”

“అదీ తెలీదా?”

“తెలీదు.”

ఆమె మోటారు స్విచ్ ఆపింది. బెల్టులు ఒకటొకటిగా నెమ్మదించి నిలిచాయి. ఆయన పెట్టెని మళ్లీ చొక్కా జేబులో వేసుకుని, లైటు ఆర్పి, ఆర్పానో లేదో ఇంకోసారి తిరిగి చూసుకుని, అన్నానికి వెళ్లాడు.